పాత కోల్ట్, రెమింగ్టన్ కన్వర్షన్లను పరీక్షించే పద్ధతి

పెర్కషన్ క్యాప్‌తో (హ్యామర్ దెబ్బకు పేలి మందును అంటించే చిన్న లోహపు టోపీతో) పేలే పాత రివాల్వర్‌ను లోహపు తూటాకు మార్చుకోవడం ఎలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. చేతిలో ఉన్నది నిజంగా 1860ల నాటిదైతే దాని మీద కట్టర్ పెట్టవద్దన్నదే నా జవాబు. ఆ పని చేయాల్సిన కాలంలో, చేయాల్సినవాళ్లు చేశారు. అమెరికాలో 1868 నుంచి 1870ల చివరిదాకా కోల్ట్, రెమింగ్టన్ కర్మాగారాలూ, ఊళ్లలోని తుపాకి మరమ్మతుదారులూ వేలకొద్దీ రివాల్వర్లను అలా మార్చారు. వాటినే కన్వర్షన్లు అంటారు. ఇప్పుడు మనం నేర్చుకోవలసింది వేరే ఉంది. మన ముందున్న రివాల్వర్ ఆ రోజుల్లోనే మారిందా, మారితే ఎవరి చేతిలో మారింది, లేక ఈమధ్యే ఎవరైనా తయారుచేసి పాతబడినట్టు రంగు పూశారా అన్నది తేల్చుకోవాలి.

నేను టూల్‌రూమ్‌లో లేత్, మిల్లింగ్ మెషిన్ల మీద పనిచేసి రిటైరయ్యాను. పాత ఆయుధాలు సేకరించేవాళ్లు కొనే ముందు ఒకసారి చూసిపెట్టమని పిలుస్తుంటారు. అమ్మే మనిషి చెప్పే కుటుంబ చరిత్రను నేను ఆఖరున వింటాను. ముందు ఇనుమును చూస్తాను. కట్టర్ ఎక్కడ తగిలింది, ఏ కోత ముందు పడింది, ఏ తుప్పు తర్వాత పట్టింది అన్న వరుస తెలిస్తే చాలావరకు నిజం బయటపడుతుంది.

అయితే ఆ వరుస అర్థం కావాలంటే కన్వర్షన్ ఎందుకు పుట్టిందో తెలియాలి. పెర్కషన్ రివాల్వర్ సిలిండర్‌లో గదులకు వెనక వైపు దారి ఉండదు. మందు, సీసపు గుండు ముందు నుంచి పెట్టి, బ్యారెల్ కింద ఉన్న లీవర్‌తో దట్టిస్తారు. వెనక ప్రతి గదికీ నిపుల్ అనే ఒక సన్నని గొట్టం, దాని మీద క్యాప్. లోహపు తూటాను వెనక నుంచి పెట్టాలంటే గది ఈ చివర నుంచి ఆ చివరకు తెరుచుకుని ఉండాలి. సరిగ్గా ఆ నిర్మాణానికే రోలిన్ వైట్ 1855 ఏప్రిల్ 3న పేటెంట్ పొందాడు. దాని హక్కులు స్మిత్ అండ్ వెసన్ తుపాకి కంపెనీ చేతికి వెళ్లాయి. ఒక్కో రివాల్వర్‌కు వైట్‌కు 25 సెంట్ల రాయల్టీ. పేటెంట్‌ను కాపాడే కోర్టు ఖర్చులు మాత్రం ఒప్పందం ప్రకారం వైట్ మీదే పడ్డాయి. 1869 ఏప్రిల్‌లో గడువు తీరింది. పొడిగింపుకు దారి తీసే బిల్లును అమెరికా కాంగ్రెస్ ఆమోదించినా, 1870 జనవరిలో అధ్యక్షుడు గ్రాంట్ వీటో చేశాడు.

మీరు చూసే ప్రతి కన్వర్షన్‌కూ ఈ తేదీలతో సంబంధం ఉంది. పేటెంట్ ఇంకా అమల్లో ఉండగానే కోల్ట్ కర్మాగారంలో అలెగ్జాండర్ థ్యూర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. వెనక వైపు సన్నబడే తూటాను ముందు నుంచే గదిలోకి నెట్టే ఏర్పాటు అది. దాని పేటెంట్ తేదీ 1868 సెప్టెంబర్ 15. రెమింగ్టన్ మాత్రం రాయల్టీ చెల్లించి, సిన్సినాటీ వ్యాపారి బెంజమిన్ కిట్రెడ్జ్ కోసం అదే కాలంలో .46 రిమ్‌ఫైర్ (అడుగు అంచు మీద కొడితే పేలే తూటా) కన్వర్షన్లు చేసింది. పేటెంట్ గడువు ముగిశాక కోల్ట్‌లో చార్ల్స్ రిచర్డ్స్ పద్ధతికి 1871 జులై 25న, విలియం మేసన్ మెరుగుదలకు 1872 జులై 2న పేటెంట్లు వచ్చాయి. కోల్ట్ గోదాముల్లో పెర్కషన్ రివాల్వర్ల భాగాలు గుట్టలుగా మిగిలి ఉన్నాయి. సైన్యం దగ్గర అంతర్యుద్ధ కాలపు రివాల్వర్లు వేలల్లో ఉన్నాయి. వాటిని పారేయకుండా కొత్త తూటాలకు పనికొచ్చేట్టు చేశారు. 1873లో కోల్ట్ కొత్త తూటా రివాల్వర్ సింగిల్ యాక్షన్ ఆర్మీ వచ్చాక కూడా మిగిలిన భాగాలతో ఈ పని కొంతకాలం సాగింది.

ఇక పరీక్ష. తుపాకి చేతికి వచ్చిన వెంటనే అది నిండి ఉన్నదనే అనుకోవాలి. మూతి ఎవరి వైపూ లేకుండా పట్టుకుని, హ్యామర్‌ను హాఫ్ కాక్‌కు, అంటే సగం వెనక్కి లాగి ఆగే చోటికి తెచ్చి, కుడివైపు లోడింగ్ గేట్ తెరిచి, సిలిండర్‌ను ఒక్కో గది చొప్పున తిప్పుతూ వెనక నుంచి అన్ని గదులూ చూడాలి. ఇంకా క్యాప్ రివాల్వర్‌గానే ఉన్నవాటికీ, థ్యూర్ రకానికీ ఇది చాలదు. సన్నని చెక్క పుల్లను బ్యారెల్ ముందు నుంచి ఒక్కో గదిలోకి దించి, ఎంత లోతు వెళ్లిందో పుల్ల మీద గీత పెట్టుకుని, ఆ కొలతను సిలిండర్ పక్కన పెట్టి పోల్చాలి. నూటయాభై ఏళ్ల కిందట నింపిన మందు, గుండు ఇంకా లోపలే ఉన్న రివాల్వర్లు ఉంటాయి, ఆ మందు ఇప్పటికీ పేలగలదు. అలాంటిది దొరికితే అక్కడితో ఆపి, ఆ పని తెలిసిన నిపుణుడికి అప్పగించండి. హ్యామర్‌ను లాగి ఊరికే కొట్టించే అలవాటు ఉంటే దాన్ని ఇక్కడ వదిలేయండి. పాత స్ప్రింగులు, ఫైరింగ్ పిన్‌లు విరిగితే అసలు భాగం మళ్లీ దొరకడం కష్టం.

కోల్ట్‌ను విప్పడం పెద్ద పనేం కాదు, కానీ యజమాని అనుమతి లేకుండా విప్పకూడదు. బ్యారెల్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచేది వెడ్జ్ అనే చీల. దాని స్ప్రింగు కొక్కెం కుడి పక్కన కనిపిస్తుంది. ఆ కొక్కేన్ని నొక్కి, కుడి నుంచి ఎడమకు చెక్కతోగానీ ఇత్తడి కడ్డీతోగానీ మెల్లగా తట్టాలి. ఉక్కు సుత్తి వాడవద్దు. ఆ తర్వాత బ్యారెల్, సిలిండర్ ముందుకు జరిగి వస్తాయి. తెల్లని గుడ్డ మీద వరుసగా పేర్చి, పక్క నుంచి పడే వెలుతురులో చూడండి. పై నుంచి పడే దీపం కింద సమతలంగా కనిపించే చోటు పక్క వెలుతురులో గుంటపడి కనిపిస్తుంది. పదింతలు పెద్దది చేసే భూతద్దం, వెర్నియర్, చిన్న టార్చి ఉంటే చాలు.

మొదట సిలిండర్ వెనక భాగం. కోల్ట్ 1860 ఆర్మీ మోడల్ సిలిండర్‌లో నిపుల్స్ ఉన్న వెనక భాగాన్ని పూర్తిగా కోసేశారు. ఆ తీసేసిన మందాన్ని నింపడానికి ఫ్రేమ్‌కు ఒక ఉక్కు రింగు అమర్చారు. దీన్ని కన్వర్షన్ రింగు అంటారు. తూటా వెనక భాగానికి ఆనుకునేది ఇదే. కర్మాగారం కోసిన సిలిండర్ ముఖం మీద కట్టర్ గీతలు ఒకే వరుసలో, ఒకే దూరంలో ఉంటాయి. ఆకురాయితో చేత్తో రాచినది అలా ఉండదు. గీతలు అడ్డదిడ్డంగా దాటుకుంటాయి, అంచులు కొద్దిగా గుండ్రమవుతాయి. సిలిండర్ చుట్టూ చెక్కిన నౌకాయుద్ధ దృశ్యం కూడా ఉపయోగపడుతుంది. అది 1843 మే 16న టెక్సాస్ నౌకలు మెక్సికో తీరంలోని కంపీచే వద్ద చేసిన పోరు. ఆ తేదీ దృశ్యం కిందే చెక్కి ఉంటుంది. దృశ్యం అరిగిన తీరు, వెనక కోత అంచు అరిగిన తీరు సరిపోలాలి. దృశ్యం దాదాపు మాయమైపోయి, కోత అంచు మాత్రం వేలికి పదునుగా తగిలితే ఆ రెండింటి వయసూ ఒకటి కాదు.

తర్వాత ఫ్రేమ్ కుడి పక్కన, సిలిండర్ వెనక ఉండే రికాయిల్ షీల్డ్ దగ్గర. క్యాప్ పెట్టడానికి ఉన్న సన్నని గాడిని కన్వర్షన్‌లో తూటా జారేంత వెడల్పు చేసి, దానికి గేట్ బిగించారు. నేను ఎక్కువసేపు ఆగే చోటు ఇదే. క్యాప్‌లోని రసాయనాలు పేలిన ప్రతిసారీ నిపుల్ చుట్టూ ఉన్న ఉక్కును తింటాయి. బాగా వాడిన క్యాప్ రివాల్వర్‌లో ఆ ప్రాంతమంతా ఇసుక చల్లినట్టు చిన్న చిన్న గుంటలు ఉంటాయి. భూతద్దం పెట్టి వెడల్పు చేసిన గాడి అంచు వెంట మెల్లగా వెళ్లండి. పాత గుంట కోత అంచు దగ్గర సగానికి తెగిపోయి కనిపిస్తే, ముందు గుంట పడింది, తర్వాత కోత పడింది అని అర్థం. ఇప్పుడు గాడి లోపలికి చూడండి. ఆ కోత ముఖం మీద దానికంటూ తుప్పు, గుంటలు, మసి రంగు ఉన్నాయా? ఉంటే కోత పడ్డాక కూడా తుపాకి చాలాకాలం వాడుకలో ఉంది. కోత ముఖం శుభ్రంగా, ఒకే గోధుమరంగుతో, ఏ మచ్చా లేకుండా ఉంటే ఆ రంగు సీసాలోంచి వచ్చిందని అనుమానించాలి. కాలం పెట్టే రంగు ఎక్కడా ఒకేలా ఉండదు. చెయ్యి తగిలే చోట పలచగా, మూలల్లో చిక్కగా ఉంటుంది. కర్మాగారంలో వాడని భాగాలతో చేసిన కన్వర్షన్లలో పాత గుంటలే ఉండకపోవచ్చు. కాబట్టి గుంటలు లేకపోవడం తప్పు కాదు. కోత వయసు తేలడమే ముఖ్యం.

మూడోది రింగు, హ్యామర్ ముక్కు. ఈ రెండూ కలిపి చూడాలి, ఎందుకంటే రిచర్డ్స్, మేసన్ పద్ధతులకు తేడా ఇక్కడే తెలుస్తుంది. మొదటి రిచర్డ్స్ రకంలో ఫైరింగ్ పిన్ రింగులోనే స్ప్రింగుతో ఉంటుంది, హ్యామర్ దాన్ని వెనక నుంచి కొడుతుంది. గురిచూసే వెనక గాడి కూడా రింగు మీదే ఉంటుంది. రిచర్డ్స్-మేసన్ రకంలో రింగు మీద గురిగాడి లేదు, పిన్ లేదు. పిన్ హ్యామర్ ముక్కుకే బిగించి ఉంటుంది, గురిగాడి హ్యామర్ మీదకు తిరిగివెళ్లింది. బ్యారెల్ కింది భాగం చూసినా తెలుస్తుంది. రిచర్డ్స్ రకంలో పాత క్యాప్ రివాల్వర్ బ్యారెల్‌నే ఉంచి, లీవర్ తీసిన ఖాళీలో కుడివైపు ఎజెక్టర్ (పేలిన డబ్బాను బయటకు నెట్టే కడ్డీ) గొట్టం అమర్చారు. రిచర్డ్స్-మేసన్‌లో బ్యారెల్ కొత్తగా చేసింది, కింది భాగపు ఆకారమే వేరు. పాత బ్యారెల్, మేసన్ తరహా రింగు, పిన్ ఉన్న హ్యామర్ కలిసి కనిపిస్తే కంగారు పడకండి. కర్మాగారమే అలా మధ్యలో కొన్ని చేసింది. వాటిని సేకర్తలు రెండో రిచర్డ్స్ రకం అంటారు.

మార్కుల్లో ముఖ్యమైనవి ఫ్రేమ్ ఎడమ పక్కన పడే పేటెంట్ తేదీలు, అంటే 1871 జులై 25, 1872 జులై 2. తేదీ ఉన్నంత మాత్రాన నిర్ణయానికి రావద్దు. స్టాంపు కొట్టడం సులువు. అక్షరం అడుగున పాత మురికి ఉందా, అంచులు చుట్టూ ఉన్న లోహంతో పాటే అరిగాయా అని చూడాలి. తర్వాత సీరియల్ నంబర్లు. కోల్ట్ 1860 ఆర్మీలో బ్యారెల్ అడుగున, ఫ్రేమ్ కింద, ట్రిగ్గర్ గార్డ్ మీద, పిడి అడుగు పట్టీ మీద ఒకే నంబరు ఉండాలి. 1871లో సైన్యం తన 1860 ఆర్మీలను సుమారు 1,200 దాకా కోల్ట్ దగ్గర మార్పించింది. వాటికి పాత నంబరుతో పాటు ఎ అక్షరం చేర్చిన కన్వర్షన్ నంబరు వేరేగా ఉంటుంది. రెండు నంబర్లు కనిపించాయని కొన్ని మంచి తుపాకులను జనం తోసిపుచ్చడం నాకు బాధ కలిగించే విషయం. సైనిక కన్వర్షన్‌కు అవి ఉండాల్సిన గుర్తులే.

అమెరికా నౌకాదళం కూడా 1870ల్లో తన 1851, 1861 నేవీ రివాల్వర్లను .38 సెంటర్‌ఫైర్‌కు (అడుగు మధ్యలో కొడితే పేలే తూటాకు) మార్పించింది. ఈ చిన్న నేవీలను చాలామంది తక్కువగా చూస్తారు. పనితనం విషయంలో నాకు అవే ఎక్కువ ఇష్టం.

బ్యారెల్ లోపలి కొలతను కూడా తప్పకుండా తీసుకోండి. క్యాప్ రివాల్వర్‌లో గుండు గదికంటే కాస్త పెద్దగా ఉండి దట్టించేటప్పుడు బిగుసుకుంటుంది. .44 అని పిలిచే ఆర్మీ బ్యారెల్ గాడుల మధ్య సుమారు 0.45 అంగుళం, .36 నేవీలో సుమారు 0.375 అంగుళం ఉంటుంది. పాత బ్యారెల్‌ను అలాగే వాడుకోవాలంటే గుండు ఆ వెడల్పు ఉండాలి. అందుకే తొలినాటి .44 కోల్ట్, .38 కోల్ట్ తూటాలలో గుండు వెడల్పు తూటా డబ్బా వెడల్పుకు దాదాపు సమానం. డబ్బా లోపలికి వెళ్లే మడమ మాత్రమే సన్నం. ఈనాటి .38 స్పెషల్ గుండు 0.358 అంగుళం మాత్రమే, పాత బ్యారెల్‌లో వదులుగా దొర్లుతుంది. అసలు నేవీ కన్వర్షన్ అని చెప్పిన రివాల్వర్ బ్యారెల్ లోపల 0.357 కొలత వస్తే ఎవరో లోపల గొట్టం వేశారు, లేదా మొత్తం కొత్తదే. పాత తూటాలు కూడా తోడుగా ఇస్తే వాటిని చూడండి. ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ చేసిన కొన్ని .44 కోల్ట్ తూటాలకు వెనక ప్రైమర్ (మందును అంటించే చిన్న పేలుడు భాగం) కనిపించదు. అవి లోపల ప్రైమర్ ఉన్న సెంటర్‌ఫైర్ తూటాలు, డబ్బా పక్కల మీద, అడుగుకు దగ్గరగా రెండు నొక్కులు ఉంటాయి. రిమ్‌ఫైర్ అనుకుని తుపాకికి సరిపోవని పక్కన పెట్టేస్తుంటారు.

రెమింగ్టన్ సంగతి వేరు. పై పట్టీతో కలిసి ఒకే ముక్కగా ఉన్న ఫ్రేమ్ కాబట్టి బ్యారెల్ విప్పే పని లేదు. న్యూ మోడల్ ఆర్మీ బ్యారెల్ మీద 1858 సెప్టెంబర్ 14 అన్న పేటెంట్ తేదీ ఉంటుంది. దాన్ని తయారీ సంవత్సరంగా చెప్పి అమ్ముతుంటారు, ఆ మోడల్ వచ్చింది 1863లో. కిట్రెడ్జ్ కోసం మార్చిన .46 రిమ్‌ఫైర్‌లో ఐదు గదులే ఉంటాయి. ఆరు గదుల చోట అంత లావు తూటాలు పెడితే గోడలకు చోటు చాలదు. ఆ కన్వర్షన్ల సంఖ్య నాలుగున్నర వేలకు పైగా. ఆరు గదుల సిలిండర్‌తో .46 రిమ్‌ఫైర్ అంటే నమ్మకండి.

కర్మాగారం గుర్తు ఏదీ లేని కన్వర్షన్లను తీసిపారేయవద్దు. సరిహద్దు ఊళ్లలో మరమ్మతుదారులు తమ దగ్గరున్న చిన్న లేత్‌తో చేసిన వాటిలో గొప్ప పనితనం ఉంది. రింగు వేయకుండా సిలిండర్‌నే రెండు ముక్కలు చేసినవారూ ఉన్నారు. గేట్ లేకుండా, తూటాలు నింపాలంటే ప్రతిసారీ సిలిండర్ తీయాల్సినట్టు చేసినవారూ ఉన్నారు. అవి ఎవరి పనో తెలియకపోయినా విలువైనవే. కానీ వాటికి కోల్ట్ కన్వర్షన్ ధర పెట్టమని ఎవరికీ చెప్పను.

నకిలీలలో ఎక్కువ భాగం ఇటలీలో తయారైన కొత్త నమూనాలు. వాటిని తయారుచేసినవాళ్ల తప్పేమీ లేదు. తర్వాత ఎవరో మార్కులు అరగదీసి పాతవిగా అమ్ముతారు. ఇటలీ పరీక్షాశాల ముద్రల్లో నక్షత్రం కింద పి.ఎన్. అన్న అక్షరాలు, చిన్న చతురస్రంలో సంవత్సరాన్ని చెప్పే సంకేతాక్షరాలు ఉంటాయి. అవి చెరిపేసిన చోట లోహం కొద్దిగా దిగబడుతుంది. బ్యారెల్ పక్క పొడవునా దీపం ప్రతిబింబాన్ని జరిపి చూడండి. నిటారుగా సాగాల్సిన వెలుగు గీత ఒకచోట వంకర తిరిగితే అక్కడ ఆకురాయి పడింది. స్క్రూ మరలు కూడా చూడాలి, కొత్త నమూనాల్లో చాలావరకు మెట్రిక్ మరలే. థ్రెడ్ గేజ్ పెడితే నిమిషంలో తేలిపోతుంది.

ఇక కాల్చాలనే కోరిక ఉన్నవాళ్లకు. అసలు పాత కన్వర్షన్‌ను కాల్చవద్దు. నాటి ఇనుము, ఉక్కు బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) ఒత్తిడికి చేసినవి. పొగరాని మందుతో చేసిన ఈనాటి తూటాలు వాటిని చీల్చగలవు. తూటాతో కాల్చాలనిపిస్తే కొత్త ఉక్కు ఫ్రేమ్ నమూనా కొని, దానికే సరిపోయేలా తయారీదారు అమ్మే కన్వర్షన్ సిలిండర్ వాడండి. ఇత్తడి ఫ్రేమ్ ఉన్నవాటికి అది వద్దు. ఆ సిలిండర్‌కు ఏ తూటాలు సరిపోతాయో తయారీదారు రాసి ఇస్తాడు, వాటిని దాటి వెళ్లకండి. చట్టం కూడా ఇక్కడ ముఖ్యం. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 లేదా అంతకుముందు తయారైన తుపాకి పురాతన ఆయుధం కిందికి వస్తుంది. కొత్త నమూనాకు తూటా సిలిండర్ బిగిస్తే మాత్రం అది మామూలు తుపాకిగా లెక్కకు రావచ్చు. రాష్ట్రాల నిబంధనలు వేరువేరు, బిగించే ముందే కనుక్కోవాలి.

అసలుదని తేలినదాన్ని మెరిపించాలని చూడకండి. తిరిగి నలుపు వేయించకండి, తీగ బ్రష్షు, పాలిష్ పేస్టు దగ్గరికి రానివ్వకండి. పలచటి నూనె పూసి, మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. చేతి చెమట తుప్పుకు మొదటి కారణం కాబట్టి కాటన్ చేతితొడుగులు వేసుకోండి. తోలు కేసులో పెట్టి ఏళ్ల తరబడి వదిలేయవద్దు. తోలులోని రసాయనాలు, తేమ లోహాన్ని తింటాయి. స్క్రూడ్రైవర్ ముక్కు గాడికి సరిగ్గా సరిపడేదే వాడాలి. చెడిన స్క్రూ తల వల్ల పడిపోయే విలువ తిరిగి రాదు.

విప్పి ఉన్నప్పుడే ఫొటోలు తీయండి. సిలిండర్ వెనక ముఖం, రింగు రెండు వైపులు, గేట్ గాడి, హ్యామర్ ముక్కు, బ్యారెల్ అడుగు, నంబరు ఉన్న ప్రతి చోటూ ఫొటోల్లో ఉండాలి. గదుల కొలత, బ్యారెల్ కొలత, ఏ భాగం మీద ఏ నంబరు ఉందో ఒక కాగితం మీద రాసి తేదీ వేయండి. అనుమానం ఉన్న చోటు ఉంటే అదీ రాయండి. ఆ కాగితం కాపీని కొనేవాళ్లకు ఇవ్వండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.